ఎర్రమట్టి, బోరు నీరు, మెక్సికన్ గడ్డి: పచ్చిక పసుపెక్కుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న – ఘట్‌కేసర్ వాసి

అందరికీ నమస్కారం. ఘట్‌కేసర్ దగ్గర కట్టుకున్న మా ఇంటి ముందు సుమారు 150 గజాల ఖాళీ స్థలంలో పచ్చిక పెంచుతున్నాం. ఇల్లు కట్టేటప్పుడు స్థలం పల్లంగా ఉందని మొరం పోసి చదును చేయించాం. దానిపై రెండు అంగుళాల మందాన ఎర్రమట్టి పరిపించి, కిందటి వానాకాలంలో ఒక నర్సరీవారితో మెక్సికన్ గడ్డి చాపలు వేయించాం. దీపావళి వరకు గడ్డి చూడముచ్చటగా పెరిగింది. సంక్రాంతి దాటాక ప్రహరీ గోడ పొడవునా, ఇంటి మెట్ల దగ్గర పసుపెక్కడం మొదలైంది. ఇప్పుడు ఉగాది దగ్గర పడుతుంటే ఆ పసుపు మధ్యకు కూడా పాకుతోంది.

దగ్గరగా చూస్తే ముదురు ఆకులు కొంత పచ్చగానే ఉన్నాయి. కొత్తగా వచ్చే లేత ఆకులు మాత్రం ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య భాగం పాలిపోయి కనిపిస్తున్నాయి. యూరియా చల్లితే కొన్నాళ్లు ఎదుగుదల బాగానే ఉంటుంది కానీ రంగు మాత్రం తిరిగి రావడం లేదు. బోరు నీటినే రోజూ సాయంత్రం పైపుతో పైపైన పడుతున్నాం. ఆ నీటికి కుళాయిల మూతుల దగ్గర తెల్లని పొర పేరుకుంటుంది. ఇవి కాక ఒక మూల మామిడిచెట్టు నీడలో గడ్డి పూర్తిగా పలచబడి నేల బయటపడింది, గోడ వార తుంగ విపరీతంగా లేస్తోంది.

ఉన్నదంతా పీకేసి మరో రకం వేయమని కొందరు, మట్టి మార్చనిదే లాభం లేదని మరికొందరు చెబుతున్నారు. పిల్లలు ఆడుకునే చోటు కాబట్టి మందుల విషయంలో జాగ్రత్తగా ఉండాలనుకుంటున్నాం. అసలు లోపం ఎక్కడుందో, ఈ వేసవి గట్టెక్కించడానికి ఏం చేయాలో అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం – విశ్రాంత ఉద్యానాధికారి

మీరు లక్షణాలను ఇంత శ్రద్ధగా గమనించి రాయడం వల్ల సగం పని సులువైంది. నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందుగా, ఆకంతా ఒకే తీరుగా పసుపెక్కుతాయి. మీ గడ్డిలో లేత ఆకులు ఈనెల మధ్య పాలిపోతున్నాయంటే అది ఇనుపధాతు లోపం. అందువల్లనే యూరియాతో ఎదుగుదల వచ్చింది కానీ పచ్చదనం రాలేదు. పైగా యూరియా వేసిన కొద్దీ ఆకు వేగంగా పెరుగుతుంది, అంత ఆకుకు సరిపడా ఇనుము అందక లోపం మరింత బయటపడుతుంది. కాబట్టి ముందుగా యూరియా ఆపేయండి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మన ఎర్రనేలల్లో ఇనుముకు కొదవ లేదు, ఆ నేలకు ఎరుపు రంగు ఇచ్చేదే ఇనుము. నేలలో సున్నం పాలు పెరిగి క్షారత్వం ఎక్కువైతే, ఉన్న ఇనుము కరగని రూపంలోకి మారి వేరుకు అందకుండా పోతుంది. ఉదజని సూచిక (pH, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.5 దాటిన దగ్గర నుంచి ఈ ఇబ్బంది మొదలవుతుంది. మీ ఇంట్లో ఆ సున్నం రెండు దారుల్లో వస్తున్నట్టుంది. ఒకటి మీ బోరు నీరు. కుళాయి మూతికి పేరుకునే తెల్లని పొర ఆ నీటిలో కరిగి ఉండి సున్నంగా పేరుకునే బైకార్బనేట్ లవణాల వల్ల ఏర్పడిందే. రెండవది కట్టుబడి శిథిలాలు. పసుపు ముందుగా గోడ పొడవునా, మెట్ల దగ్గర కనిపించిందన్నారు. తాపీ పని జరిగినప్పుడు సిమెంటు పెళ్లలు, సున్నం రాలి మట్టిలో కూరుకుపోయేది సరిగ్గా అక్కడే. ఆ చోట్ల అడుగు లోతు తవ్వి చూడండి. తీసిన మట్టిపై కొద్దిగా వెనిగర్ పోసినప్పుడు బుడగలతో పొంగితే సున్నం ఉన్నట్టే.

తాత్కాలిక ఉపశమనానికి బత్తాయి తోటల్లోనూ వేరుశనగ చేలలోనూ రైతులు చేసే పనే ఇక్కడా పనికొస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఆకు తడిసేటట్టు సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం పది రోజుల తేడాతో మరోసారి చేస్తే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. ద్రావణాన్ని అప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉంచితే తుప్పు రంగుకు మారి పనికిరాదు. సిమెంటు నేల మీద, టైల్స్ మీద పడితే వదలని మరకలు పడతాయి కనుక మెట్ల దగ్గర గోనెపట్టా కప్పి చల్లండి. అయితే ఇది ఆకుకు చేసే చికిత్స మాత్రమే. నేల సంగతి చూడకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

ఆ నేల గురించే నా అసలు ఆందోళన. గట్టిపడిన మొరం మీద రెండు అంగుళాల మట్టి ఏ గడ్డికీ చాలదు. వేరు ఆరేడు అంగుళాల లోతుకు దిగగలిగితేనే మన ఎండలకు తట్టుకుంటుంది. నర్సరీ చాపలతో వచ్చే మట్టి చాలాసార్లు జిగురు మట్టి అయి ఉంటుంది. కింద వదులైన ఎర్రమట్టి, పైన జిగురు పొర ఉన్నప్పుడు నీరు ఆ రెంటి మధ్య అతుకు దగ్గరే ఆగుతుంది, వేరు కూడా అక్కడే చుట్టుకుపోతుంది. ఇక రోజూ సాయంత్రం పైపైన తడపడం వల్ల వేరుకు కిందికి దిగే అవసరమే లేకుండా పోయింది, నీటిలోని లవణాలు పై పొరలోనే పేరుకున్నాయి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే వానాకాలంలో శిలీంధ్ర మచ్చలు కూడా వస్తాయి. నీరు తెల్లవారుజామున పెట్టండి. పెట్టిన రోజు కనీసం నాలుగు అంగుళాల లోతు తడవాలి, తరువాత ఒకటి రెండు రోజులు ఆగాలి. ఎంత పడుతోందో తెలియడానికి పచ్చికలో అక్కడక్కడా చదునైన గిన్నెలు పెట్టి చూడండి. మేలో మన వాతావరణానికి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల లెక్కన అవసరం, అంటే రెండు రోజులకోసారి పెట్టేవారికి గిన్నెలో సెంటీమీటరు నీరు నిలవాలి.

వేసవిలో మట్టి మార్చే పని పెట్టుకోకండి. ఇప్పుడు ఇనుప ఊచతో జానెడు ఎడంలో నాలుగు అంగుళాల లోతు రంధ్రాలు చేసి, వాటిలోకి బాగా మాగిన పశువుల ఎరువు, ముతక ఇసుక సమంగా కలిపి ఊడ్చండి. మాగని ఎరువు వాడితే కలుపు విత్తనాలతో పాటు వేరు పురుగులు కూడా వస్తాయి. అసలు మరమ్మతు జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చి రెండు మంచి వానలు పడ్డాక మొదలుపెట్టాలి. పూర్తిగా చెడిన గోడ వార చాపలు తీసి, మొరాన్ని అడుగు లోతు గుల్లచేసి, సిమెంటు పెళ్లలు ఏరివేసి, కొత్త ఎర్రమట్టి పోసి మళ్లీ గడ్డి పరుచుకోవచ్చు. మధ్య భాగాన్ని పీకనవసరం లేదు. వానాకాలంలో నెలకోసారి అర సెంటీమీటరు మందాన జల్లించిన మట్టి, ఎరువు పైన చల్లుతూ పోతే సరిపోతుంది. నత్రజనికి యూరియా బదులు చదరపు మీటరుకు 15 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ వాడండి. దానికి నేలలో క్షారత్వాన్ని తగ్గించే గుణం కూడా ఉంది. మీ 150 గజాలకు ఒక విడతకు రెండు కిలోల లోపే పడుతుంది, చల్లిన వెంటనే నీరు పెట్టాలి.

సమాధానం – తెనాలి నుంచి

పై సలహాలు ఎర్రనేలకు చక్కగా సరిపోతాయి. నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నవారు కూడా ఈ చర్చను చదివి ఇవే పద్ధతులు పాటిస్తే నష్టపోతారు కాబట్టి నాలుగు మాటలు చేరుస్తున్నాను. మా గుంటూరు, తెనాలి వైపే కాదు, హైదరాబాద్ చుట్టుపక్కల కూడా నల్లరేగడి ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి.

నల్లరేగడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పు పగుళ్లు విచ్చి గడ్డి వేళ్లను తెంపేస్తుంది. దానిని వదులు చేయాలని కొద్దిపాటి ఇసుక కలిపేవారున్నారు. బంకమట్టిలో కాస్త ఇసుక చేరితే నేల ఇటుకలా గట్టిపడుతుందే తప్ప గుల్లబారదు. సేంద్రియ ఎరువును ఏటా పై పొరలో కలపడమే దారి. నీరు ఇక్కడ ఐదారు రోజులకోసారి పెడితే చాలు, అయితే పగుళ్లు విచ్చేదాకా ఆగకూడదు. వానాకాలంలో నీరు నిలిచి గడ్డి కుళ్లకుండా వంద అడుగులకు ఒకటి రెండు అడుగుల వాలు ఇంటికి ఎదురు దిశలో ఉండాలి. పునాది వెంబడి కనీసం మూడు అడుగుల మేర పచ్చిక పెంచకుండా బండలు పరచడం మంచిది, ఎందుకంటే గోడ పక్కన నేల ఒకసారి ఉబ్బి ఒకసారి కుంచించుకుంటుంటే పునాది కదులుతుంది. ఉదజని సూచిక 8.5 దాటి సోడియం ఎక్కువగా ఉందని పరీక్షలో తేలితేనే జిప్సం వేయాలి. నల్లనేల అయినంత మాత్రాన జిప్సం అవసరమనుకోవద్దు. గడ్డి విషయానికొస్తే, ఎండ బాగా తగిలే చోట మా నేలల్లో గరికకు మించినది లేదు.

ఘట్‌కేసర్ వాసి

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. గోడ వార తవ్విస్తే గులకతో కలిసిన సిమెంటు పెళ్లలు చాలా దొరికాయి, అక్కడి మట్టి మీద వెనిగర్ పోస్తే పొంగింది. మధ్య భాగంలో మట్టి పొంగలేదు. బోరు నీటిని పరీక్షకు ఇస్తే ఉదజని సూచిక 8.1, విద్యుత్ వాహకత (నీటిలో కరిగిన లవణాల కొలత) 1.4 అని, బైకార్బనేట్లు ఎక్కువగా ఉన్నాయని నివేదిక వచ్చింది. అన్నభేది పిచికారీ చేసిన చోట కొత్త ఆకులు పచ్చబడడం కనిపిస్తోంది.

ఈ నీటితో పచ్చిక దీర్ఘకాలం నిలుస్తుందా? మామిడి నీడకు ఏ గడ్డి తగినది? తుంగను పీకిన కొద్దీ ఇంకా ఎక్కువగా వస్తోంది, దీనికి మార్గం ఏమిటి? వీలైతే ఈ మూడింటికీ సమాధానం చెప్పగలరు.

సమాధానం – పాఠశాల తోటల పర్యవేక్షకురాలు

నీడ గురించి, తుంగ గురించి నేను చెబుతాను. ఈ రెండే నా ఉద్యోగంలో నన్ను ఎక్కువగా విసిగించే సమస్యలు.

గరికకు రోజుకు ఆరేడు గంటల నేరుటెండ తప్పనిసరి. మెక్సికన్ గడ్డి కొంత నీడను ఓర్చుకుంటుంది కానీ, గుబురు మామిడి కింద అదీ నిలవదు. అక్కడ వెడల్పు ఆకుల బఫెలో గడ్డి వేయండి, నర్సరీల్లో దీనినే షేడ్ గ్రాస్ అని కూడా అమ్ముతారు. పేర్లు నర్సరీకొక రకంగా ఉంటాయి కనుక పేరు కన్నా ఆకును చూసి కొనండి. ఆకు చిటికెనవేలి గోరంత వెడల్పుగా, కొస మొద్దుగా ఉండాలి, కాడ నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేయాలి. దీనికి నీరు ఎక్కువ కావాలి, పిల్లల తొక్కుడును అంతగా భరించలేదు. అందువల్ల పిల్లలు నడిచే దారిలో బండలు వేసి, వాటి మధ్య గడ్డి పెంచడం ఉత్తమం. కాయలు కోశాక జూన్, జూలైలో మామిడి కింది కొమ్మలు కొన్ని తీసేస్తే ఉదయపు ఎండ లోపలికి వస్తుంది. మొదలు చుట్టూ మాత్రం మట్టి ఎత్తు పెంచకండి, చెట్టుకు హాని జరుగుతుంది. మొదలు చుట్టూ రెండు మూడు అడుగుల మేర గడ్డి అసలు లేకపోయినా ఫరవాలేదు, రాలిన ఆకునే అక్కడ మల్చింగ్‌గా వదలవచ్చు.

తుంగ విషయంలో పీకడం ఎందుకు పనిచేయదంటే, ఆకు చేతికి వస్తుంది కానీ గడ్డ నేలలోనే ఉండిపోతుంది. ఒక గడ్డకు తీగలాంటి వేళ్లతో మరికొన్ని గడ్డలు గొలుసుకట్టుగా అంటుకుని ఉంటాయి, పై మొక్క తెగగానే నిద్రాణంగా ఉన్నవి మొలకెత్తుతాయి. మీకు ఇది బహుశా తెప్పించిన ఎర్రమట్టితోనే వచ్చి ఉంటుంది. గోడ వార ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి ఆ మట్టిని జల్లెడ పట్టి గడ్డలన్నీ ఏరించండి. ఏరిన గడ్డలను ఎరువు గుంతలో వేయకుండా ఎండబెట్టి కాల్చేయాలి. జూన్‌లో కొత్త మట్టి కొనేటప్పుడు కుప్పను కెలికి నల్లని చిన్న గడ్డలు ఉన్నాయేమో చూడనిదే లోడు దింపించుకోకండి. ఆ ఒక్క జాగ్రత్త ఏళ్ల తరబడి శ్రమను తప్పిస్తుంది.

పచ్చిక మధ్యలో లేచిన తుంగకు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే కలుపు మందు ఉంది. అది తుంగను చంపుతుంది, గరికకూ మెక్సికన్ గడ్డికీ హాని చేయదు. చెరకులో దీనిని ఎకరానికి 36 గ్రాములు వాడతారు, ఆ లెక్కన మీ స్థలం మొత్తానికి గ్రాముకు కాస్త పైన మాత్రమే అవుతుంది. ఇంత తక్కువ మోతాదును కంటి అంచనాతో కొలవకూడదు, చిన్న తూకం మీద తూచి, డబ్బా మీది సూచనలు చదివి వాడాలి. పిల్లలున్న ఇల్లు కనుక ముందు గడ్డలు ఏరే పద్ధతినే పూర్తిగా ప్రయత్నించి, ఇంకా మిగిలిన చోట మాత్రమే మందు గురించి ఆలోచించండి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు జోలికి వెళ్లవద్దు, అది పచ్చికను కూడా మాడ్చేస్తుంది.

కోత గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి ఒక మాట. ఒక్కసారికి ఆకు పొడవులో మూడో వంతు కన్నా ఎక్కువ కోయకండి. వానాకాలంలో అంగుళం ఎత్తున ఉంచినా, వేసవిలో అంగుళంన్నర నుంచి రెండు అంగుళాల వరకు పెరగనివ్వండి. పైన ఆకు ఉన్న కొద్దీ నేల నీడలో ఉంటుంది, వేరు లోతుకు దిగుతుంది. కోత యంత్రం బ్లేడు మొద్దుబారితే ఆకు కొసలు చిరిగి, మర్నాటికి పచ్చిక అంతా తెల్లబారినట్టు కనిపిస్తుంది. దానిని చూసి రోగమనుకుని మందులు కొట్టేవారిని చాలామందిని చూశాను.

సమాధానం – ఉప్పల్ నివాసి

అందరూ గడ్డిని ఎలా బతికించాలో చెబుతున్నారు. 150 గజాల పచ్చిక ఉండాలా అన్న ప్రశ్న కూడా అడగడం అవసరమని నా గట్టి అభిప్రాయం. 150 గజాలంటే సుమారు 125 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున 625 లీటర్లు, మార్చి నుంచి మే చివరి దాకా లెక్కిస్తే 56 వేల లీటర్లు దాటుతుంది. మా వైపు ఏప్రిల్ రాగానే బోర్లు అడుగంటుతాయి, 5 వేల లీటర్ల ట్యాంకరు తెప్పించుకుంటే ఈ పచ్చికకు ఎనిమిది రోజులు వస్తుంది. తాగునీటికి ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధుల మధ్య ఈ లెక్క నాకు మింగుడుపడదు. పిల్లలు ఆడుకునే 50, 60 గజాలకు పచ్చికను పరిమితం చేసి, మిగిలిన చోట కరివేపాకు, నందివర్ధనం, మందారం వంటి పొదలు పెంచడం మేలు. అవి వేళ్లూనాక గడ్డి కన్నా చాలా తక్కువ నీటితో బతుకుతాయి.

సమాధానం – విశ్రాంత ఉద్యానాధికారి

ఉప్పల్ నివాసి గారి లెక్క సరైనదే. గోడ వార ఎలాగూ తవ్వుతున్నారు కనుక, ఆ పట్టీలో తిరిగి గడ్డి వేయకుండా పొదలు నాటడం నాకూ సబబుగా తోస్తోంది. అయితే మొత్తం పచ్చిక మీద అభ్యంతరం పెట్టేముందు ఇంటి కప్పు మీద పడే వాన నీటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద పడినదాంట్లో ఐదో వంతు పోయినా 64 వేల లీటర్లు మిగులుతుంది. దానిని ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే మీరు వేసవిలో తోడుకున్నంత నీటిని నేలకు తిరిగి ఇచ్చినవారవుతారు, బోరు నీటిలో లవణాల గాఢత కూడా కొంత తగ్గే అవకాశం ఉంటుంది. పచ్చిక పెంచే ప్రతి ఇంట్లో ఇంకుడు గుంత ఉండి తీరాలి.

ఇక నీటి నాణ్యత. వాహకత 1.4 ఉన్న నీరు గరికకు గానీ మెక్సికన్ గడ్డికి గానీ ప్రమాదకరం కాదు, ఈ రెండూ ఉప్పును బాగా ఓర్చుకునే రకాలే. వేసవిలో నాలుగైదు తడుల తరువాత ఒక తడి మామూలు కన్నా ఎక్కువగా ఇస్తే పై పొరలోని లవణాలు కిందికి దిగిపోతాయి, మిగిలినది వానాకాలం కడిగేస్తుంది. నీరు కిందికి దిగాలంటే మొరం గుల్లగా ఉండాలి కాబట్టి ఇనుప ఊచ పని వాయిదా వేయకండి. బైకార్బనేట్ల ప్రభావం మాత్రం ఏటా ఉంటుంది. అందువల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో అన్నభేది పిచికారీ మీకు ఏటా చేసే పనుల్లో ఒకటిగా ఉండిపోతుంది. జూన్‌లో పని మొదలుపెట్టే ముందు గోడ వార, మధ్య భాగం మట్టిని వేర్వేరుగా తీసి భూసార పరీక్షకు ఇవ్వండి, రెండూ కలిపి ఇస్తే సగటు వచ్చి అసలు తేడా తెలియదు.

ఘట్‌కేసర్ వాసి

చాలా కృతజ్ఞతలు. గోడ వార పొదలు వేయాలని నిర్ణయించాం, ఇంకుడు గుంతకు చోటు చూస్తున్నాం. ఒక చిన్న సందేహం. ఇంట్లో తాగునీటి శుద్ధి యంత్రం నుంచి వృథాగా పోయే నీటిని, బట్టలు ఉతికిన నీటిని, ఏసీ నుంచి కారే నీటిని పచ్చికకు మళ్లించవచ్చా?

సమాధానం – విశ్రాంత ఉద్యానాధికారి

ఏసీ నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది, అందులో లవణాలు ఉండవు. దానిని నిరభ్యంతరంగా వాడండి. అన్నభేది ద్రావణం కలపడానికి మీ బోరు నీటి కన్నా అదే మంచిది. శుద్ధి యంత్రం వదిలే నీటిలో బోరు నీటి లవణాలన్నీ తక్కువ నీటిలోకి చేరి ఉంటాయి కనుక, మీ సమస్యకు మూలమైనదే అందులో మరింత గాఢంగా ఉంటుంది. దానిని వాకిలి కడగడానికి, మరుగుదొడ్లకు వాడుకోండి, గడ్డికి పెట్టవద్దు. బట్టల సబ్బు పొడుల్లో సోడియం ఎక్కువ, అది మట్టి రేణువులను విడదీసి నేలపై గట్టి పొర కట్టిస్తుంది, కాబట్టి ఆ నీటినీ పచ్చికకు దూరంగా ఉంచండి. కూరగాయలు, బియ్యం కడిగిన నీటిని మాత్రం మామిడి మొదట్లో పోయవచ్చు.